అరకులో పిల్లల బట్టల కొట్టు: సమస్య ఎక్కడ, సరిచేసుకునేది ఎలా

అరకు లోయలో పిల్లల బట్టల కొట్టంటే ఒకే గల్లా మీద రెండు వ్యాపారాలు. ఒకటి టూరిస్టులది. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా, అందులోనూ శని ఆదివారాల్లో జోరు. రెండోది సంతకు వచ్చే చుట్టుపక్కల ఊళ్లవాళ్లది, ఏడాది పొడవునా ఉండేది. ఒకరి కోసం తెచ్చిన సరుకును ఇంకొకరికి అంటగట్టబోతేనే చాలా తలనొప్పులు మొదలవుతాయి.

సీజన్లో జనం వస్తున్నారు, చూసి వెళ్లిపోతున్నారు

మొదట ధర మీద అనుమానం వస్తుంది. చాలాసార్లు అసలు కారణం సైజు. హోల్‌సేల్లో సెట్టు కొంటే ప్రతి సైజూ సమానంగా వస్తుంది, కానీ అమ్మకం అలా ఉండదు. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల సైజులు ముందే అయిపోతాయి, పెద్ద సైజులు హ్యాంగర్లకే వేలాడుతుంటాయి. కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, "లేదండీ" అన్న ప్రతిసారీ ఏం అడిగారో, ఏ వయసుకో రాయండి. రెండు వారాంతాలు రాస్తే చాలు, ఏం తేవాలో తెలిసిపోతుంది. అయిపోయిన సైజులను విశాఖ నుంచి విడిగా తెప్పించుకోండి. ముక్కకు కొంచెం ఎక్కువ పడినా, సీజన్ మధ్యలో అది నష్టం కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. టూరిస్టు అరకులో బట్టలు షాపింగ్ కోసం కొనడు, అవసరం పడి కొంటాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లాడు వాంతి చేసుకుంటాడు. చాపరాయి వాగు నీళ్లలో నిలువునా తడుస్తాడు. సాయంత్రం చలి మొదలయ్యాక స్వెట్టర్ ఇంట్లో మర్చిపోయామని గుర్తొస్తుంది. వాళ్లకు కావాల్సింది టీషర్టు, ట్రాక్ ప్యాంటు, డ్రాయరు, సాక్సులు, మంకీ క్యాప్. వీటిని వయసువారీగా కట్టలు కట్టి, ఒకే ధర చీటీ అంటించి గుమ్మం దగ్గరే పెట్టండి. పట్టు లంగాలు లోపలికి జరిపినా ఫరవాలేదు, వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు లోపలికి కూడా వస్తారు.

ఫిబ్రవరి వచ్చింది, స్వెట్టర్లు మిగిలాయి

డిసెంబరు చివరి వారం రద్దీ చూసి మళ్లీ ఆర్డర్ పెట్టడం దీనికి మూలం. పంజాబ్‌లోని లూధియానా నుంచి వచ్చే సరుకు దారిలో ఉండగానే సంక్రాంతి సెలవులు అయిపోతాయి. మొదటి ఆర్డర్ వేసవిలోనే ఇచ్చి, సెప్టెంబరు చివరికి చేరేలా చూసుకోండి. రెండోది నవంబరు దాటనివ్వద్దు. మిగిలినవాటిని రెండు కుప్పలు చేయండి. ముదురు రంగు, ముందు జిప్పు, బొమ్మలేమీ లేని అక్రిలిక్ స్వెట్టర్ దాచుకోవచ్చు. జూలై వానల్లో సంతకు వచ్చే తల్లులు అదే అడుగుతారు. కార్టూన్ బొమ్మ ఉన్నది మాత్రం అసలు ధర వచ్చినా రాకపోయినా వదిలించుకోండి, వచ్చే ఏడాదికి పిల్లలు ఇంకో బొమ్మ అడుగుతారు.

వానాకాలంలో ముక్కవాసన, ఫ్రాకుల మీద బూజు మచ్చలు

కొండ మీద కొట్టుకు ఇది పెద్ద శత్రువు. మబ్బు దిగినప్పుడు గాలి నిండా తేమే. చాలామంది "ప్యాకెట్లో ఉంది కదా" అని ధీమాగా ఉంటారు. కానీ తేమ పట్టిన బట్టను పాలిథిన్ కవర్లో మూసేస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. పైగా అలమరాలు గోడకు ఆనుకుని ఉంటాయి, ఆ గోడకేమో బయటినుంచి వాన కొడుతుంది.

అలమరాను గోడకు నాలుగైదు అంగుళాలు ముందుకు లాగండి. కింద వరుసను నేల మీద నుంచి జానెడు ఎత్తులో పెట్టండి. తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్లో కొన్ని వందలకే దొరుకుతుంది. అది 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు దారి ఇచ్చినట్టే. వాన తెరిపిచ్చిన గంటలో తలుపులు తీసి ఫ్యాన్లు వేయండి, మబ్బు కమ్మినప్పుడు మూసేయండి. రోజంతా తెరిచి ఉంచితే గాలి ఆడుతుందనుకోవడం ఇక్కడ పనికిరాదు. పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. లోహపు జిప్పులు, హుక్కులు తుప్పు మరక వదులుతాయి కాబట్టి కొనేటప్పుడే ప్లాస్టిక్‌వి చూసుకోండి.

కలరా ఉండలు మాత్రం వద్దు. అవి పురుగు కోసం, బూజుకు మందు కాదు. అక్రిలిక్‌ను బట్టల పురుగు ఎలాగూ తినదు. అంతకన్నా ముఖ్యమైన విషయం: జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు ఈ ఉండల్లోని నాఫ్తలీన్ సోకితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఈ లోపం ఎక్కువగానే కనిపిస్తుంది. ఆ వాసన పట్టిన బాబా సూట్‌ను ఉతక్కుండా తొడిగేవాళ్లు ఎందరో!

"వైజాగ్‌లో ఇదే సగం ధరకు వస్తుంది"

రాదు, అది బేరమాడే టూరిస్టుకూ తెలుసు. ఇబ్బంది ఆ మాటతో కాదు, ఆ మాట విని మనం టూరిస్టుకొక రేటు, సంత రోజు ఇంకో రేటు చెప్పడంతో వస్తుంది. ఊరు చిన్నది, వారంలో అందరికీ తెలుస్తుంది. ధర చీటీ అంటించి దాని మీదే నిలబడండి. తగ్గించాలనుంటే రెండు కొన్నవాళ్లకు తగ్గించండి.

ఘాట్ రోడ్డు మూసేశారు, సరుకు రాలేదు

అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, మనకేమో సీజన్ ఆరంభం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ సరిగ్గా ఆ వేళకే కొట్టింది. కొండచరియలు విరిగిపడితే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా ఆగిపోతుంది. టూరిస్టులూ రారు, పార్సిలూ రాదు. శృంగవరపుకోట దారి మూసేస్తే చోడవరం, పాడేరు మీదుగా తెప్పించుకునే ఏర్పాటును ట్రాన్స్‌పోర్టువాళ్లతో ముందే మాట్లాడుకోండి. కనీసం మూడు వారాంతాలకు సరిపడా చిన్న సైజులు కొట్లో ఉంచండి.

అమ్మకం బాగుంది, గల్లాలో డబ్బు లేదు

దొంగ ఎవరూ ఉండరు. అత్తయ్య కూరగాయలకు తీసింది, తమ్ముడు పెట్రోలుకు తీశాడు, మరదలి ఫోన్ క్యూఆర్‌కు నాలుగు పేమెంట్లు వెళ్లాయి. ఎవరూ రాయలేదు. అడిగితే ఇంట్లో గొడవ. కొట్టు పేరున ఒకే ఖాతా, ఒకే క్యూఆర్ పెట్టండి. కొట్లో కూర్చునే ప్రతి ఒక్కరికీ, ఇంటి ఆడవాళ్లతో సహా, నెలకు ఇంత అని జీతం కట్టండి. ఆ తర్వాత గల్లాలో చెయ్యి పెడితే పద్దు రాయాల్సిందే, అది నాన్నగారైనా సరే. సిగ్నల్ పోయినప్పుడు కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా మీ యాప్‌లో చూసుకోండి. వేరే కంపెనీ సిమ్ ఒకటి దగ్గరుంటే ఆ టెన్షన్ తగ్గుతుంది.

బిల్లులో జాకెట్‌కు 12 శాతం పడుతోంది

సాఫ్ట్‌వేర్లో పాత రేటు మిగిలిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ముక్క 2,500 రూపాయల వరకు ఉన్న రెడీమేడ్‌కు జీఎస్టీ 5 శాతమే, అది దాటితే 18. సాఫ్ట్‌వేర్లోని సరుకుల జాబితాలో (ఐటమ్ మాస్టర్) 61, 62తో మొదలయ్యే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లన్నిటికీ, అంటే పన్ను కోసం సరుకు రకానికి ఇచ్చే నంబర్లకు, రేటు మార్చండి. చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొంత శాతం పన్ను తామే కట్టే కాంపోజిషన్ స్కీములో ఉంటే అసలు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, బిల్లులో ఆ గడినే తీసేయండి.