బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివి సంఘ సేవలోకి రావాలనుకుంటున్నారా, అయితే ఈ వరసలో వెళ్ళండి

డిగ్రీ అయిపోయింది, సేవకి పిలుపు ఉందని మనసులో గట్టిగా ఉంది, ఏ థియాలజీ (దైవశాస్త్రం) కాలేజీలో చేరమంటారు అని చాలామంది అడుగుతుంటారు. కాలేజీ సంగతి తర్వాత, ముందు మీ సంఘం (చర్చి) దగ్గరికెళ్ళండి. బి.డి. పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఎవరూ పాస్టర్ అయిపోరు, ఆర్డినేషన్, అంటే పాస్టర్‌గా అభిషేకం, ఇచ్చేది సంఘం, కాలేజీ కాదు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళయితే మీ పాస్టరేట్ (ఒక పాస్టర్ చూసుకునే సంఘాలు) అయ్యగారితో మాట్లాడి, ఆయన ద్వారా డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కి అప్లికేషన్ పెట్టుకోండి, వాళ్ళు క్యాండిడేట్‌గా తీసుకుని పంపితే చదువయ్యాక పని చేయడానికి ఒక చోటు ఉంటుంది, ముందు డీకన్‌గా (మొదటి మెట్టు), తర్వాత ప్రెస్బిటర్‌గా (పూర్తి స్థాయి పాస్టర్‌గా) అభిషేకం చేస్తారు. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల్లో పద్ధతి వేరే, కానీ అక్కడా మిమ్మల్ని ఎరిగిన సంఘం మాట చాలా ముఖ్యం. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి నాలుగేళ్ళు చదివొచ్చి అప్పుడు డయోసిస్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది, తెలివైన పిల్లలు, ఎవరి లిస్టులోనూ పేరుండదు.

మీ సంఘం ఒప్పుకున్నాక అప్పుడు డిగ్రీ ఎవరిస్తారో చూడండి. మన దేశంలో థియాలజీకి పాత పేరు సెరాంపూర్, బెంగాల్లో 1818లో ఇంగ్లండు మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్ పెట్టిన కాలేజీ, అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ పాలనలో ఉండేది, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ (అధికార పత్రం) తో డిగ్రీలిచ్చే హక్కు వచ్చింది, ఇప్పుడు దాని సెనేట్ (డిగ్రీలు చూసే మండలి) కింద దేశమంతా చాలా కాలేజీలున్నాయి. మనకి దగ్గర్లో ఉన్నది హైదరాబాద్ లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ కి మారింది, లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ, మెథడిస్టు పిల్లలు ఒకే హాస్టల్లో ఉండి చదువుకుంటారు, నా దృష్టిలో అదే పెద్ద చదువు. బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలోని గురుకుల్ కాలేజీ కూడా సెరాంపూర్ సెనేట్ కిందివే. ఇంటర్ తర్వాత చేరితే బి.డి. ఐదేళ్ళు, డిగ్రీ తర్వాతైతే నాలుగేళ్ళు. ఇంకో దారి ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న సెమినరీలు, అక్కడ డిగ్రీ తర్వాత మూడేళ్ళ ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) ఉంటుంది. రెండూ మంచివే, కానీ మీ సంఘం దేన్ని ఒప్పుకుంటుందో ముందే అడిగి తెలుసుకోండి. ఆరు నెలల్లో డాక్టరేట్ ఇస్తాం, ఫీజు కట్టండి, గౌను ఫొటో కూడా మేమే తీస్తాం అనేవాళ్ళ జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు, ఆ కాగితానికి ఎక్కడా విలువ ఉండదు.

ఇక ప్రిపరేషన్. తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్ళకి అసలు కష్టం ఇంగ్లీషు, లైబ్రరీలో పుస్తకాలన్నీ దాదాపు అందులోనే ఉంటాయి. చేరడానికి ఏడాది ముందు నుంచే రోజూ ఒక అధ్యాయం తెలుగులో చదివి అదే అధ్యాయం ఇంగ్లీషులో చదవండి, చదివింది నాలుగైదు లైన్లలో సొంతంగా రాయండి, ఇంగ్లీషు తప్పులొచ్చినా పర్లేదు రాయడం మాత్రం ఆపొద్దు. బైబిలు మూల భాషలు గ్రీకు, హీబ్రూ కూడా నేర్చుకోవాలి, గ్రీకు అక్షరాలు 24, హీబ్రూ 22, హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు, ఇంట్లో ఉండగానే అక్షరాలు నేర్చుకుని వెళ్తే మొదటి సెమిస్టర్లో సగం భయం పోతుంది.

క్లాసులో మొదట్లో చాలామందికి గాభరా పుట్టేది బైబిలుని ప్రశ్నలేసి చదవడం, దానికి ఇంటి దగ్గరే అలవాటు పడొచ్చు. తప్పిపోయిన గొర్రెని కాపరి వెతికి తెచ్చుకునే ఉపమానం (యేసు చెప్పిన కథ) తీసుకోండి. లూకా సువార్త 15వ అధ్యాయం తెరిస్తే యేసు పాపులతో కలిసి భోంచేస్తున్నాడని పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదులు) సణుగుతున్నారు, ఆయన వాళ్ళకి ఈ కథ చెప్తున్నాడు, అక్కడ జోరంతా గొర్రె దొరికిన సంతోషం మీద ఉంది, కాపరి స్నేహితుల్నీ పొరుగువాళ్ళనీ పిలుస్తాడు. అదే కథ మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చూడండి, వింటున్నది శిష్యులు, చివర్లో ఈ చిన్నవాళ్ళలో ఒక్కరు కూడా నశించకూడదన్న మాట ఉంది, అంటే సంఘంలో బలహీనుల్ని చూసుకోవాల్సిన బాధ్యత మీద. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరితో చెప్తున్నాడు, ముందేం జరిగింది, ఎక్కడ ఆపాడు అని మూడు ప్రశ్నలు నోట్‌బుక్ లో రాసి జవాబులు వెతకండి. ఇలా చదివితే విశ్వాసం పోతుందని ఊళ్ళో పెద్దలు భయపెడతారు, పోదు, ఒక్క వాక్యం పట్టుకుని గంట అరిచే ప్రసంగాలు మాత్రం తగ్గుతాయి, దానివల్ల సంఘానికి మంచే జరుగుతుంది.

కాలేజీలో ఉండగా ఆదివారాలు ఏదో ఒక సంఘానికి పంపుతారు, దాన్ని హాజరు కోసం చేసే పనిలా చూడొద్దు. ఆరాధన అయ్యాక వెంటనే బస్సెక్కెయ్యకుండా ఇద్దరు ముసలమ్మల ఇళ్ళకెళ్ళి కూర్చోండి, మంచాన పడ్డవాళ్ళ దగ్గర ప్రార్థన చేయండి, చావు జరిగిన ఇంట్లో ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో అక్కడే తెలుస్తుంది. అక్షరం రాని అమ్మ కీర్తన మొత్తం చరణాలతో సహా పాడుతుంది, మీరు క్లాసులో నేర్చుకున్న సిద్ధాంతం ఆమెకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఇంకోసారి చదవాలన్నమాట.

ఆడపిల్లలు కూడా వెనకాడొద్దు. ఈ.పుష్పలలిత గారు 2013లో సీఎస్ఐ నంద్యాల డయోసిస్ కి బిషప్ అయ్యారు, సీఎస్ఐ లో మొదటి మహిళా బిషప్ ఆవిడే. ఆడవాళ్ళకి ఆర్డినేషన్ ఇవ్వని సంఘాలు ఇంకా ఉన్నాయి కాబట్టి మీ సంఘం మాటేంటో చేరకముందే సూటిగా అడగండి.

ఎం.టి.హెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) చేయాలనుకునేవాళ్ళకి అది బి.డి. తర్వాత రెండేళ్ళు. పాత నిబంధన తీసుకుంటే హీబ్రూ, కొత్త నిబంధనైతే గ్రీకు గట్టిగా రావాలి కాబట్టి బి.డి. లోనే వాటిని వదలకండి. కుదిరితే మధ్యలో కొన్నేళ్ళు ఊరి పాస్టరేట్లో పనిచేసి వెళ్ళండి, థీసిస్ కి టాపిక్ అక్కడే దొరుకుతుంది.

అప్లికేషన్ల టైమ్ కి సర్టిఫికెట్లు, బాప్తిస్మం సర్టిఫికెట్, పాస్టర్ గారి లెటర్, సంఘం స్పాన్సర్ లెటర్ దగ్గర పెట్టుకోండి. మీ పిలుపు గురించి ఒక పేజీ రాయమంటారు, ఇంటర్వ్యూలో కూడా అదే అడుగుతారు, అందులో పెద్ద పెద్ద మాటలు వద్దు, సండే స్కూల్లోనో యూత్ లోనో మీరు నిజంగా చేసిన పని రాయండి, ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారో కూడా రాయండి. రాశాక మీ పాస్టర్ గారికి ఒకసారి చూపించి అప్పుడు పంపండి.