బీరు రుచి పాఠాలు – 4: ఎంత చల్లగా?

గత పాఠంలో గ్లాసు వంచి పోయడం, రెండు వేళ్ళ మందాన నురగ నిలబెట్టడం ప్రాక్టీస్ చేశాం. మొదటి ఒకటి రెండు సార్లు సగం గ్లాసు నురగే వచ్చిందంటే తప్పు మీ చేతిది కాకపోవచ్చు. సీసా సరిగ్గా చల్లబడకపోయినా అదే జరుగుతుంది. అందుకని ఈసారి పాఠం మొత్తం చల్లదనం మీదే. వంటింట్లో వాడే సూది థర్మామీటర్ ఒకటి, ప్లాస్టిక్ బకెట్, ఐసు, గుప్పెడు రాళ్ళ ఉప్పు దగ్గర పెట్టుకోండి. థర్మామీటర్ ఖరీదైనది అక్కర్లేదు, డిగ్రీ అటూ ఇటూ చూపించినా మన పని జరిగిపోతుంది.

మన ఊళ్ళలో వైన్ షాపు కౌంటర్ దగ్గర నిలబడితే ముందు వినిపించే మాట “అన్నా, కూలింగ్ ఉందా?” ఏ బీరు అన్నది ఆ తర్వాత. 42 డిగ్రీల ఎండలోంచి వచ్చినవాడు అలా అడగడంలో తప్పేం లేదు. ముందు గొంతు చల్లబడాలి, రుచి సంగతి తర్వాత చూసుకోవచ్చు. చిక్కల్లా ఆ ప్రశ్నకి ఉంది, లేదు అని రెండే జవాబులు ఉండటం దగ్గర వస్తుంది. నిజానికి ఒక డిగ్రీ నుంచి పద్నాలుగు డిగ్రీల దాకా, బీరును బట్టి రకరకాల “కూలింగ్”లు ఉన్నాయి.

నాకు ఇది ఇంగ్లండులో తలకెక్కింది. పని మీద లీడ్స్ వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం పబ్బులో బిట్టర్ అనే అక్కడి బీరు అడిగాను. అతను చేతిపంపు రెండు మూడు సార్లు లాగి గ్లాసు నింపి ఇచ్చాడు. పట్టుకుంటే కుండలో నీళ్ళకంటే కాస్త చల్లన, అంతే. గ్లాసు మీద చెమట కూడా పట్టలేదు. పాపం ఫ్రిజ్ చెడిపోయినట్టుంది అనుకుని, మొహమాటానికి నోరు మూసుకుని తాగాను. సగం అయ్యేసరికి బిస్కెట్ వాసన, వేయించిన గింజల వాసన, డికాషన్ లాంటి చిన్న వగరు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అప్పటిదాకా నేను తాగిన బీర్లలో ఇన్ని సంగతులు ఉంటాయని నాకు తెలియదు.

ఫ్రిజ్ చెడిపోలేదు. బిట్టర్ అనేది ఏల్, అంటే కాస్త వెచ్చటి చోట పులియబెట్టే బీరు. పీపాలోనే రెండోసారి పులిసే ఆ రకం ఏల్‌ను నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచి, అదే చల్లదనంలో పోస్తారు. “ఇంగ్లీషువాళ్ళు వేడి బీరు తాగుతారు” అనే జోకు ఇక్కడి నుంచే పుట్టింది. 12 డిగ్రీలంటే హైదరాబాద్‌లో మామూలు డిసెంబర్ రాత్రి కంటే చల్లన. దాన్ని వేడి అనడం అన్యాయం.

సరే, చల్లదనం మారితే గ్లాసులో ఏం మారుతుంది?

అన్నిటికంటే ముందు వాసన. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బంగినపల్లిని, గంపలోంచి తీసిన బంగినపల్లిని పక్కపక్కన పెట్టి వాసన చూడండి. పండు అదే. ఫ్రిజ్ పండు ముక్కుకి దాదాపు ఏమీ చెప్పదు. వాసన తెలియాలంటే ఆ పదార్థం ఆవిరై ముక్కు దాకా రావాలి, చలిలో అది కదలదు. బీరులో మనం “రుచి” అంటున్నదాంట్లో చాలా భాగం ముక్కుతో తెలిసేదే, అది రెండో పాఠంలో ముక్కు మూసుకుని తాగి చూసినప్పుడే తేలిపోయింది.

తర్వాత తీపి. కరిగిపోయిన ఐస్‌క్రీం గిన్నెలోది నాకి చూసినవాళ్ళకి తెలుసు, గడ్డగా ఉన్నప్పటి కంటే ఎంత తీపిగా ఉంటుందో. పంచదార ఏమీ పెరగలేదు, చలి తగ్గింది. బీరులో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి కూడా అంతే. బాగా చల్లగా ఉన్నప్పుడు అది వెనక్కి నక్కుతుంది, చేదు, గ్యాస్ చురుకు ముందు నిలబడతాయి.

మూడోది గ్యాస్. మామూలు గాలి ఒత్తిడి దగ్గర లీటరు నీళ్ళలో సున్నా డిగ్రీలప్పుడు సుమారు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండగలదు. 20 డిగ్రీలకి వచ్చేసరికి 1.7 గ్రాములే. అంటే సగం. మిగతాది బయటికి పారిపోవాలి కదా, అదే మీ టేబుల్ మీద పొంగిన నురగ. లాగర్ (చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టే బీరు, మన షాపుల్లో ఎక్కువగా దొరికేది) వెచ్చబడితే ముందు పొంగుతుంది, తర్వాత చప్పబడుతుంది. పీపా ఏల్‌లో మొదటి నుంచీ గ్యాస్ తక్కువే కాబట్టి 12 డిగ్రీల దగ్గర దానికి పోయేదేమీ లేదు.

ఈ మూడూ బుర్రలో ఉంటే అంకెలు బట్టీ పట్టక్కర్లేదు. మొక్కజొన్న, బియ్యం కలిపి కాచే పల్చటి లైట్ లాగర్లలో పీల్చి చూడవలసిన వాసన తక్కువ, బయటపడకూడనిది ఎక్కువ. వాటిని 2 నుంచి 4 డిగ్రీల దగ్గర తాగేయండి, మొహమాటం వద్దు. పిల్స్‌నర్ కూడా లాగరే గానీ దాని సంగతి వేరు. 1842లో జోసెఫ్ గ్రోల్ అనే బీరు కాచే నిపుణుడు ఇప్పటి చెక్ దేశంలోని ప్లెజెన్‌లో మొదటిసారి కాచిన ఆ బంగారు రంగు బీరు ఇసుకరాతి సొరంగాల్లో, ఐసు దిబ్బల పక్కన పెరిగింది. లాగర్ అనే మాటకే జర్మన్‌లో నిలవ ఉంచడం అని అర్థం. కార్ల్ ఫాన్ లిండే అనే జర్మన్ ఇంజనీరు 1870ల్లో మ్యూనిక్‌లో శీతల యంత్రం తయారు చేసింది కూడా ముందు బీరు కాచేవాళ్ళ కోసమే, ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు చాలా తర్వాత వచ్చాయి. అయినా చెక్‌వాళ్ళు పిల్స్‌నర్‌ను గడ్డకట్టించి ఇవ్వరు. 6, 7 డిగ్రీల దగ్గర హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) గడ్డి వాసన, బ్రెడ్డు వాసన రెండూ తెలుస్తాయి. గోధుమ బీర్లూ దాదాపు అక్కడే. ఐపీఏలు (హాప్స్ దండిగా వేసే ఏల్‌లు), లేత రంగు పేల్ ఏల్‌లు 7 నుంచి 10. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట: అక్కడ చాలా బార్లలో ట్యాప్ లైను (పీపా నుంచి బీరు వచ్చే గొట్టం) 3, 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఖరీదైన ఐపీఏ తెచ్చుకుంటే మొదటి గుక్క తాగి పది నిమిషాలు కబుర్లు చెప్పుకోండి. ఐర్లండ్ నల్ల బీరు గిన్నెస్ 6 డిగ్రీల దగ్గర ఇవ్వాలని దాన్ని చేసేవాళ్ళే చెబుతారు. బెల్జియం మఠాల ముదురు బీర్లు, ఉదాహరణకి నీలం లేబుల్ చిమే, 10 నుంచి 12. ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్ లాంటి బరువైన, ఘాటు బీర్లు ఇంకో రెండు డిగ్రీలు ఎక్కినా పర్వాలేదు, వాటిని చిన్న గ్లాసులో కాఫీలా చప్పరించాలి.

మొత్తం మీద రంగు ముదిరేకొద్దీ, ఘాటు పెరిగేకొద్దీ చలి తగ్గించాలి అన్నమాట. ఇక్కడ మనవాళ్ళకి ఒక పెద్ద మినహాయింపు ఉంది. లేబుల్ మీద “స్ట్రాంగ్” అని ఉండి 7, 8 శాతం ఆల్కహాల్ ఉండే మన లాగర్లకి ఈ సూత్రం పెట్టకండి. నేను పెట్టాను. ఒక స్ట్రాంగ్ సీసాని శ్రద్ధగా 12 డిగ్రీలకి తెచ్చి, గ్లాసులో తిప్పి, వాసన పీల్చాను. స్పిరిట్ ఘాటు, ఉడికిన మొక్కజొన్న వాసన, అంటుకునే తీపి. ఆ సీసా సింకుకి నైవేద్యం అయింది. ఆ ఆల్కహాల్ వాసన కోసం పెట్టింది కాదు, కిక్కు కోసం పెట్టింది. దాన్ని కప్పిపుచ్చేది చలే. కాబట్టి కౌంటర్ దగ్గర “కూలింగ్ ఉందా” అని అడిగే అన్నకి తన బీరు గురించి బాగానే తెలుసు.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే సంగతి. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల సీసా తీశారు. వంటింట్లో 32 డిగ్రీల వేడిలో ఉన్న గ్లాసులో పోశారు. మూడు వందల గ్రాముల బరువైన గ్లాసు, 330 మిల్లీలీటర్ల బీరు అనుకుని లెక్కేస్తే, గ్లాసు ఒక్కటే దాన్ని 8 డిగ్రీల దాకా లాగేస్తుంది. ఒక్క గుక్క తాగకముందే నాలుగు డిగ్రీలు పోయాయి! దళసరి మగ్ అయితే ఇంకా ఎక్కువ. ఆపైన ఏసీ లేని గదిలో పావుగంటకి ఇంకో అయిదారు డిగ్రీలు ఎక్కుతుంది. ప్రేగ్‌లోనో లండన్‌లోనో రాసిన పట్టికలు మనకి అచ్చంగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. వాళ్ళ గది 20 డిగ్రీలు, మనది 35. మీరు తాగాలనుకున్న చల్లదనం కంటే రెండు మూడు డిగ్రీలు కిందనుంచి మొదలుపెట్టండి, గ్లాసుని చల్లటి నీళ్ళతో కడిగి పోయండి. ఫ్రీజర్‌లో పెట్టి తెల్లగా మంచు పట్టించిన మగ్ మాత్రం నాకు నచ్చదు. ఆ గరుకు మీద నురగ విపరీతంగా లేస్తుంది, మంచు కరిగి బీరులో కలుస్తుంది. ఫొటోకి బాగుంటుంది.

ఇక ఇంటిపని. దీనికి హోగార్డెన్ సీసా ఒకటి తెచ్చుకోండి, పెద్ద ఊళ్ళలో దొరుకుతుంది. గోధుమ బీరు, అందులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ధనియాల వాసన మన ముక్కుకి ఎవరూ పరిచయం చేయక్కర్లేదు కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. దాంతోపాటు మామూలు లాగర్ పింటు ఒకటి. రెండూ రాత్రంతా ఫ్రిజ్ లోపలి అరలో ఉండాలి, తలుపు అరలో కాదు, అది ఎప్పుడూ రెండు మూడు డిగ్రీలు వెచ్చన. చల్లబరిచిన రెండు గ్లాసుల్లో రెండింటినీ పోసి, సూది ముంచి అంకె చూడండి. 5 దగ్గర ఒక గుక్క, 8 దగ్గర ఒకటి, 12 దగ్గర ఒకటి, ఓపిక ఉంటే 18 దగ్గర ఒకటి. ప్రతిసారీ ముందు వాసన, తర్వాత గుక్క, తర్వాత నోట్‌బుక్‌లో రెండు మాటలు. “బాగుంది” అని రాయకండి, అది మాట కింద లెక్క కాదు. ధనియాలు ఏ అంకె దగ్గర మొదట తెలిశాయో, లాగర్‌లో గ్యాస్ చురుకు ఏ అంకె దగ్గర చచ్చిపోయిందో రాయండి. నాకు ధనియాలు 8 దగ్గర వచ్చాయి, పక్కన కూర్చున్న మా బావకి 12 దాకా రాలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఈ తేడాలే అసలు పాఠం. బండి నడపాల్సినవాళ్ళని మాత్రం కూర్చోబెట్టకండి.

ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయి, చుట్టాలు గుమ్మంలోకి వచ్చేస్తే బకెట్ బయటికి తీయండి. ఐసు ఒక్కటే వేస్తే సీసాకి అక్కడక్కడే తగులుతుంది, మధ్యలో గాలి ఉంటుంది. ఐసు మునిగేంత నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి కలిపితే నీళ్ళు సున్నా కిందికి దిగుతాయి, సీసాని అన్ని వైపులా పట్టుకుంటాయి. మధ్యమధ్యలో సీసా తిప్పుతూ ఉంటే పెద్ద సీసా కూడా ఇరవై నిమిషాల్లో దారికొస్తుంది. ఫ్రిజ్‌కి అదే పనికి నాలుగు గంటల పైనే పడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోవడం గురించి చెప్పక్కర్లేదనుకుంటా. మామూలు బీరు మైనస్ 2, 3 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, గడ్డకట్టే నీళ్ళు ఉబ్బుతాయి, మర్నాడు పొద్దున మీరు బఠాణీల ప్యాకెట్‌లోంచి గాజు ముక్కలు ఏరుకుంటారు.

ఒకసారి చల్లబడిన బీరు వెచ్చబడితే మళ్ళీ చల్లబరచకూడదని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఒకటి రెండు సార్లకి ఏమీ కాదు. వారాల తరబడి వేడిలో ఉండటం, ఎండ తగలడం, ఈ రెండే అసలు దొంగలు. వాటిని వచ్చే పాఠంలో పట్టుకుందాం. దానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది: ఆకుపచ్చ సీసా బీర్లు ఒకే రకానివి రెండు తెచ్చి, ఒకదాన్ని కాగితం చుట్టి అల్మారాలో పెట్టండి, రెండోదాన్ని ఈ ఆదివారం డాబా మీద ఎండలో ఒక గంట ఉంచి, తెచ్చి దాని పక్కనే పెట్టండి. మూతలు అప్పుడే తీయకండి.