ఎన్‌క్రిప్షన్ కీ మీద పేటెంట్: అది ఎవరికైనా తట్టేదేనని చూపించడం ఎలా?

డేటా పంపేవైపూ అందుకునేవైపూ ఎన్‌క్రిప్షన్ కీ (డేటాను ఇతరులు చదవలేకుండా మార్చడానికి, మళ్లీ విప్పడానికి వాడే రహస్య సంఖ్య) ఎలా సిద్ధం కావాలో, ఎప్పుడు మారాలో మేమే కనిపెట్టాం అనే పేటెంట్ ఒకటి మీ ముందుకొచ్చిందనుకోండి. చదవగానే ‘ఇందులో కొత్తేముంది?’ అనిపిస్తుంది. అలా అనిపించడం వేరు, రుజువు చేయడం వేరు. మైకేల్ జోన్స్ పేరిట అమెరికాలో 1995లో మంజూరైన 5,412,730 నంబరు పేటెంట్‌ను పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

ముందు క్లెయిమ్‌ను ముక్కలు చేయండి

పేరు, సారాంశం, బొమ్మలు పక్కన పెట్టండి. హక్కు ఎంతవరకో చెప్పేది క్లెయిమే. పెన్సిల్‌తో ఒక్కో అంశం దగ్గర గీత గీయండి. ఈ పేటెంట్ మొదటి క్లెయిమ్ దాదాపు ఇలా విడిపోతుంది: పంపేచోటా అందుకునేచోటా ఒకే సీడ్ (కీలు పుట్టించడానికి మొదట తీసుకునే విలువ) ఉంటుంది. పంపేచోట దాన్నుంచి కీల వరుస పుడుతుంది. వెళ్తున్న డేటాకున్న, ముందే అనుకున్న ఒక లక్షణాన్ని బట్టి కొత్త కీ ఎప్పుడు రావాలో తేలుతుంది. అవతలి వైపు కూడా అదే వరుస పుట్టి డేటాను విప్పుతుంది.

ఇక్కడ కీ అసలు లైన్ మీద ప్రయాణమే చేయదు! ఈ నాలుగింటిలో మూడోదే ప్రాణం. మిగతావి ఎంత పాతవని చూపించినా, దానికి జవాబు లేకపోతే మీ వాదన నిలబడదు.

తేదీ దగ్గర పొరపడకండి

దీని మొదటి దరఖాస్తు 1989 నాటిది. అంతకుముందే బయటికొచ్చిన సమాచారం కోసం వెతకాలి. డిఫీ, హెల్‌మన్ 1976లో అచ్చువేసిన పబ్లిక్ కీ (ముందుగా రహస్య కీ పంచుకోకుండానే ఎన్‌క్రిప్షన్ చేసే పద్ధతి) వ్యాసం అలాంటిదే. బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే అలాంటి పద్ధతి కనిపెట్టాడు. కానీ ఆ సంగతి 1997 దాకా రహస్యమే, కాబట్టి అది పనికిరాదు. ఆర్‌సీ4 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని రాన్ రివెస్ట్ 1987లో తయారుచేసినా, లోపలి వివరాలు బయటపడింది 1994లో. ‘1987’ అని రాసేసి ఊరుకుంటే అవతలి లాయరు పట్టేస్తాడు. ఏది, ఎప్పుడు, ఎవరికి అందిందో కాగితంతో చూపించాలి.

కలపడానికి కారణం చెప్పండి

ఒక్క పాత పత్రంలోనే అన్ని ముక్కలూ దొరికితే అసలు కొత్తదనమే లేదన్నమాట. రెండు మూడు పత్రాల్లో విడివిడిగా దొరికితేనే ‘తట్టేదే’ అనే వాదన మొదలవుతుంది. ఆ రోజుల్లో ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న ఇంజనీరు వాటిని ఎందుకు కలుపుతాడో చెప్పాలి. 2007లో కేఎస్ఆర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ విషయంలో బిగుతు సడలించింది: ఆ కారణం పాత పత్రంలోనే రాసి ఉండక్కర్లేదు, ఇంగితజ్ఞానం కూడా లెక్కలోకి వస్తుంది. అయినా ఈనాటి తెలివితో 1989ని చూడకూడదు. నా ఉద్దేశంలో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

రెండు వాదనలూ విడిగా నడపండి

ఈ పేటెంట్ చేతికొచ్చిన టీక్యూపీ డెవలప్‌మెంట్ వందకు పైగా సంస్థల మీద దావాలు వేసింది. ఆన్‌లైన్ దుకాణం న్యూఎగ్ మాత్రం రాజీపడకుండా పోరాడింది. 2013 నవంబరులో టెక్సస్‌లోని మార్షల్ కోర్టుకు, పైన చెప్పిన పబ్లిక్ కీ వ్యాసం రాసిన విట్‌ఫీల్డ్ డిఫీ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. అయినా జ్యూరీ పేటెంట్ చెల్లుతుందని తేల్చి, 23 లక్షల డాలర్లు కట్టమంది. ఆ మనిషి చెప్పాక కూడా అలా జరగడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2015లో జడ్జి న్యూఎగ్ పక్షాన తీర్పిచ్చాడు, కానీ ఉల్లంఘన జరగలేదన్న కారణంతో. అందుకే ‘పేటెంట్ చెల్లదు’ అన్నదాంతో పాటు ‘మేం చేసేది అది కాదు’ అన్నదాన్ని కూడా మొదటి రోజు నుంచే సిద్ధం చేసుకోవాలి.

మన దేశంలో అయితే

పేటెంట్ చట్టం సెక్షన్ 2(1)(జేఏ) ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసినవాళ్లకు ఇట్టే తట్టనిది అనే షరతు) అంటే ఏమిటో చెబుతుంది. దరఖాస్తు ప్రచురితమయ్యాక, మంజూరు కాకముందు ఎవరైనా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం పెట్టవచ్చు. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. మంజూరయ్యాక అయితే ఆ విషయంలో ఆసక్తి ఉన్నవాళ్లకే అవకాశం, అదీ మంజూరు ప్రకటన వెలువడిన ఏడాదిలోపే. పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ఆ ప్రకటన చూసిన రోజే గడువు తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.