రాజమహల్ హోటల్లో ఒక రాత్రి: బెంగళూరు నుంచి వెళ్ళేవాళ్ళు ముందే తేల్చుకోవాల్సినవి

బెంగళూరులో పేరు చివర ‘ప్యాలెస్’ ఉన్న హోటళ్ళు చాలానే కనిపిస్తాయి. పాత విమానాశ్రయం రోడ్డులోని లీలా ప్యాలెస్ చూడ్డానికి మైసూరు రాజభవనంలా ఉంటుంది గానీ, అది హోటల్‌గానే కట్టిన భవనం. అసలు బెంగళూరు ప్యాలెస్‌లో టికెట్ కొని తిరగవచ్చు, ఉండడానికి గదులు ఇవ్వరు. రాజులో నవాబులో కట్టించిన మహల్లో నిద్రపోవాలంటే ఊరు దాటాల్సిందే. దగ్గర్లో మైసూరు లలితమహల్ ఉంది. వైస్రాయ్ విడిది కోసం నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1921లో పునాది వేయించిన భవనం అది, 1974లో హోటల్ అయింది. ఇక బెంగళూరు తెలుగువాళ్ళు అమ్మానాన్నల షష్టిపూర్తికో పెళ్ళిరోజుకో ఎక్కువగా అనుకునేది హైదరాబాద్ ఫలక్‌నుమా. ‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఈ మహల్ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్ళింది. దశాబ్దాలు మూతబడి ఉన్నాక, తాజ్ సంస్థ సుమారు పదేళ్ళు మరమ్మతులు చేసి 2010లో 60 గదుల హోటల్‌గా తెరిచింది.

మరో ఊళ్ళో ఏదైనా ‘హెరిటేజ్’ హోటల్ చూస్తుంటే కట్టిన సంవత్సరం అడగండి. కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణ ప్రకారం ఆ పేరుకు భవనం 1950కి ముందుది కావాలి, ‘హెరిటేజ్ క్లాసిక్’, ‘హెరిటేజ్ గ్రాండ్’ అనాలంటే 1935కి ముందుది. పక్కనే కొత్త బ్లాకు కట్టినా ఆ పేరు ఉండవచ్చు. అందుకే ‘నాకిచ్చే గది పాత భవనంలోదా, కొత్త వింగ్‌లోదా?’ అన్నది మొట్టమొదటి ప్రశ్న. వెబ్‌సైట్‌లో గది రకానికి పెట్టిన అందమైన పేరు చూసి నిర్ణయించకండి. సమాధానం ఈమెయిల్‌లో తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట చెక్ఇన్ కౌంటర్ దగ్గర నిలబడదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, పాకే పిల్లలు ఉంటే కొత్త వింగే నయం. ఇద్దరే వెళ్తుంటే పాత భవనమే తీసుకోండి.

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం తీయండి. ఇది అలవాటుగా చెప్పే మాట కాదు. ఇలాంటి మహళ్ళకు పెళ్ళిళ్ళు పెద్ద ఆదాయం. మంచి ముహూర్తం ఉన్న రోజున దర్బారు హాలు, మెట్ల వరుస, తోట అన్నీ పెళ్ళి మండపాలుగా మారిపోతాయి, హెరిటేజ్ వాక్ (మహల్ అంతా తిప్పి చూపించే నడక) కుదించేస్తారు, రాత్రి దాకా సౌండ్ సిస్టమ్ మోగుతుంది. కొన్నిసార్లు మొత్తం మహలే ఒక కుటుంబం తీసేసుకుంటుంది. ఆషాఢం, భాద్రపదం లాంటి శూన్యమాసాల్లో, మూఢంలో ఆ బెడద బాగా తగ్గుతుంది, ధర కూడా కాస్త దిగే అవకాశం ఉంది. పుష్యం కూడా శూన్యమాసమే గానీ కొత్త సంవత్సరం, సంక్రాంతి సెలవుల రద్దీలో ఆ లాభం కనిపించదు. అందరి పెళ్ళిళ్ళూ మన పంచాంగం ప్రకారం జరగవు కాబట్టి, ‘ఆ తేదీన ప్రైవేటు ఫంక్షన్ ఉందా, ఏ హాళ్ళు మూసి ఉంటాయి?’ అని విడిగా అడగాల్సిందే.

అద్దెలో పెద్ద వంతు భవనానికే పోతుంది కాబట్టి అక్కడ మెలకువగా గడిపే గంటలు పెంచుకోవాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఫలక్‌నుమాకి వెళ్తుంటే, యశ్వంతపుర నుంచి కాచిగూడ వందేభారత్ మధ్యాహ్నం బయలుదేరి రాత్రి పదకొండు ప్రాంతంలో చేరుస్తుంది. ఆ రోజు అద్దె నిద్రకే సరిపోతుంది. పొద్దున్నే దింపే రాత్రి బండి గానీ, ఉదయం విమానం గానీ మేలు. శంషాబాద్ నుంచి వస్తే నగరం మధ్యలోకి వెళ్ళే పని లేదు. చెక్ఇన్ సాధారణంగా రెండు గంటలకు. ముందే చేరితే సామాను లోపల పెట్టించి, మహల్ చూస్తూ ఉండవచ్చు. చార్మినార్, లాడ్ బజార్ ఆ రోజుకి పెట్టుకోకండి, మర్నాడు చెక్అవుట్ అయ్యాక చూసుకోండి. ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే భోజనాల బల్ల, విండ్సర్ కోట గ్రంథాలయం నమూనాలో చేయించిన లైబ్రరీ, దర్బారు హాలు అన్నీ అతిథులందరికీ ఉమ్మడివి. గది ఎంత ఖరీదైనదైనా అవి గది లోపల ఉండవు. సాయంత్రం హెరిటేజ్ వాక్‌కీ, రాత్రి భోజనానికీ గది బుక్ చేసిన రోజే పేర్లు రాయించండి. కొండ కింద గేటు దగ్గర రిజర్వేషన్ చూస్తారు, గుర్తింపు కార్డులు చేతిలో ఉంచుకోండి. అక్కడి నుంచి గుర్రపు బండిలో తీసుకెళ్తారు. మెట్టెక్కలేని వాళ్ళకు బ్యాటరీ బండి గానీ కారు గానీ కావాలని ముందే చెప్పండి.

గదిలోకి వెళ్ళాక మొదట స్నానాలగది చూడండి. ఆ కాలంలో గదికి ఆనుకుని ఇప్పటిలాంటి బాత్రూములు ఉండేవి కావు. తర్వాత చాలాచోట్ల డ్రెస్సింగ్ గదుల్లోనో వసారాల్లోనో కట్టారు, పైపులు వేయడానికి నేల ఎత్తు చేశారు. గడప దగ్గర ఒక మెట్టు తేడా అలా వచ్చిందే, రాత్రి చీకట్లో కాలు తగిలేదీ అక్కడే. అటువైపు ఒక దీపం వెలిగించి పడుకోండి. వేడినీళ్ళు బాయిలర్ నుంచి పొడుగాటి పైపుల్లో రావాలి కాబట్టి రెండు మూడు నిమిషాలు చల్లనీళ్ళే వస్తాయి. ఐదు నిమిషాలైనా గోరువెచ్చగానే ఉంటే ఫోన్ చేయండి, నీళ్ళు తిప్పే పంపు ఆగి ఉండవచ్చు. బాత్‌టబ్‌లోకి దిగి ఎక్కడం పెద్దవాళ్ళకు ప్రమాదం. తడి పాలరాయి బాగా జారుతుంది. బకెట్, మగ్గు, ప్లాస్టిక్ స్టూలు, రబ్బరు మ్యాట్ అడగండి. మొహమాటం వద్దు, హౌస్‌కీపింగ్ వాళ్ళకు ఇది రోజూ ఉండే పనే.

ఏసీ గురించి ఫిర్యాదులు ఎక్కువ. కారణం కప్పు ఎత్తు. 10 అడుగుల కప్పున్న ఫ్లాటు కంటే 15 అడుగుల గదిలో గాలి ఒకటిన్నర రెట్లు ఉంటుంది, పైగా ఎండకు కాగిన మందపు గోడలు రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటాయి. 16కి తిప్పితే గది తొందరగా చల్లబడదు. చేరడానికి గంట ముందే ఏసీ వేసి ఉంచమని చెప్పండి, 24 దగ్గర పెట్టి పరదాలు మూయండి, పంకా ఉంటే నెమ్మదిగా తిరగనివ్వండి. వానాకాలంలో మరీ చల్లబరిస్తే గోడ మీద చెమ్మ చేరి మట్టివాసన వస్తుంది. గచ్చు సున్నపు గోడలు తేమ పీల్చి వదులుతాయి, అది వాటి గుణం. ఎప్పుడో సిమెంటుతో పూత పూసిన చోట తేమ బయటికి పోలేక ఉప్పు పొంగి రంగు రాలుతుంది. మంచం తలవైపు అలాంటి మచ్చ, బూజు వాసన ఉంటే పెట్టె విప్పకముందే గది మార్చమని అడగండి. పై అంతస్తు అడగడం మంచిది, నేల తేమ అంత ఎత్తుకు రాదు. మందపు గోడల్లో వైఫై కూడా బలహీనమే. ఆఫీసు కాల్ తప్పనివాళ్ళు రౌటర్ ఎక్కడుందో అడిగి ఆ దరిదాపుల్లో కూర్చోవాలి. మా మాటైతే ఆ ఒక్క రోజుకీ సెలవే పెట్టండి.

ఇక వస్తువులు. పాత కుర్చీలకు, బల్లలకు లక్క పాలిష్ ఉంటుంది. వేడి కాఫీ కప్పు, తడి తువ్వాలు పెడితే తెల్లమచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. పాలరాతిని నిమ్మరసం, చింతపండు పులుసు తినేస్తాయి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, ఊరగాయ డబ్బాలు రాతి గట్టు మీద విప్పకండి. పసుపు మరక కూడా రాతిలోకి ఇంకుతుంది. కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే మంచం తలవైపు గుడ్డకు తువ్వాలు అడ్డం వేయండి. ఉదయం దీపం పెట్టాలనుకునే అమ్మల కోసం తోటలో ఒక చోటు అడిగితే ఏర్పాటు చేసే అవకాశం ఉంది. గదిలో అగరొత్తులు వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది. అంతకుమించి, ఒకప్పుడు శిథిలమైన కట్టడాన్ని పనివాళ్ళు అంగుళం అంగుళం బాగుచేసి నిలబెట్టారు, ఆ శ్రమను మనం పాడుచేయకూడదు. ఫోటోలకు ఫోన్ పర్వాలేదు, కెమెరా మనిషిని తీసుకొస్తే ముందస్తు అనుమతి కావాలి. పట్టుచీరల ఫోటోలు ఉదయం టిఫిన్‌కి ముందే తీసుకోండి, ఎండ మెత్తగా ఉంటుంది, జనం ఉండరు.

డబ్బు లెక్క ముందే వేసుకోండి. గది అద్దె రాత్రికి రూ. 7,500 దాటితే జీఎస్‌టీ 18 శాతం. రూ. 30,000 గదికి పన్ను రూ. 5,400 కలిపి 35,400 అవుతుంది. టిఫిన్ కలిసి ఉందా, మూడో మనిషికి అదనపు మంచం పడుతుందా, రద్దు చేస్తే ఎంత పోతుంది అన్నవి బుకింగ్ కాగితం మీద చదవండి. చివరి రాత్రే బిల్లు నకలు తెప్పించుకుంటే, పొద్దున విమానం హడావుడిలో వాదించే అవసరం రాదు. అందులో సర్వీస్ ఛార్జీ కనిపిస్తే అది పన్ను కాదు, ఇవ్వడం మీ ఇష్టం. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం తీసేయమని అడగవచ్చు. ఆ డబ్బు సామాను మోసినవాళ్ళకో, మహల్ అంతా తిప్పి చూపించినవాళ్ళకో చేతికే ఇవ్వండి.