హబ్ ఆగి లేచినప్పుడల్లా పోర్టు నంబరు మారిపోతుంటే

తిరుపతి ఎండాకాలంలో కరెంటు ఇలా పోయి అలా వస్తుంటుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. అడాప్టర్ మీద నడిచే యూఎస్‌బీ హబ్ మాత్రం ఆగి మళ్లీ లేస్తుంది. దాంతో లైనక్స్‌లో టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్టు పేరుతో ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కాస్తా టీటీవైయూఎస్‌బీ1 అయి కూర్చుంటుంది. జెఫిర్ (చిన్న బోర్డుల మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) కోసం కొత్తగా రాసిన డ్రైవర్‌ను ఫ్లాష్ చేస్తే, అంటే బోర్డులోకి ఎక్కిస్తే, పక్క బోర్డులోకి పోతుంది. ఇక లేని బగ్గు కోసం కన్సోల్లో, అంటే బోర్డు పంపే సందేశాలు కనిపించే చోట, వెతుకులాట.

ఫ్లాష్ చేసే స్క్రిప్టులోంచి ఆ నంబరు పేరు తీసేయండి. బోర్డులన్నీ తగిలించి, టెర్మినల్లో ‘ఎల్‌ఎస్ -ఎల్ /డెవ్/సీరియల్/బై-ఐడీ/’ కొట్టండి. తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు కలిసిన పొడుగాటి పేర్లు కనిపిస్తాయి. ఏది ఏ బోర్డుదో తేలకపోతే ఒకటి పీకి మళ్లీ చూడండి, మాయమైనదే దాని పేరు. పూర్తి దారితో సహా ఆ పేరునే వాడండి. ఈఎస్‌పీ32 చిప్పున్న బోర్డును ఫ్లాష్ చేయడానికైతే ‘వెస్ట్ ఫ్లాష్ --ఈఎస్‌పీ-డివైస్’ తర్వాత, కన్సోల్‌కైతే ‘పికోకామ్ -బి 115200’ తర్వాత. నంబరు ఎటు తిరిగినా ఈ పేరు మారదు.

చవక బోర్డులతోనే తంటా. బోర్డును యూఎస్‌బీకి కలిపే సీహెచ్340 చిప్పుల్లో సాధారణంగా సీరియల్ నంబరే ఉండదు, అలాంటిదే మరో చిప్పు సీపీ2102 ఉన్న చాలా బోర్డుల్లో అన్నింటికీ ఒకటే నంబరు, 0001. అలాంటివి రెండు పెడితే జాబితాలో ఒక్క పేరే కనిపిస్తుంది. అప్పుడు ‘బై-ఐడీ’ బదులు ‘బై-పాత్’ చూడండి. అది యూఎస్‌బీ సాకెట్‌ను బట్టి వచ్చే పేరు, కాబట్టి హబ్ మీద స్టిక్కర్లు అంటించి, ఏ బోర్డును దాని సాకెట్‌లోనే పెట్టాలి.