ఉప్పు చిత్తడి నేలలో పీతలూ పురుగులూ లెక్కపెట్టడం ఎలా

సాల్ట్ మార్ష్‌లోకి, అంటే సముద్రపు పోటుకు మునిగి తేలే గడ్డి నేలలోకి, కొత్తగా దిగినవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది: జీవులు ఎక్కడ ఎక్కువ కనిపిస్తే అక్కడే కూర్చుని లెక్కపెట్టేస్తారు. నేనూ అదే చేశాను. రెండు రోజులు బురదలో పడి తెచ్చిన అంకెలన్నీ వాగు ఒడ్డున తీసినవే, మార్ష్ మొత్తం గురించి అవి ఏమీ చెప్పలేదు. ఇక్కడ నేల ఎత్తు అరడుగు మారితే చాలు, నీళ్లు నిలిచే సమయం మారుతుంది, దాంతో ఉప్పు శాతం, గడ్డి, ఆ గడ్డి కింద బతికేవి అన్నీ మారిపోతాయి. అందుకే ఏది లెక్కపెట్టినా, అది ఏ ఎత్తులో దొరికిందో పక్కనే రాసుకోండి.

ముందు ప్రశ్న తేల్చుకోవాలి. "ఇక్కడ ఏమేం ఉన్నాయి" అంటే ఒక రకం పని, "నత్తలు గడ్డిని తినేస్తున్నాయా" అంటే ఇంకో రకం. ఈ రెండో ప్రశ్న మీదే సిలిమన్, బెర్ట్‌నెస్ అనే జీవావరణ శాస్త్రవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికా ఆగ్నేయ తీరంలో, వేటాడే పీతలు రాకుండా పంజరాలు పెట్టి పెరివింకిల్ నత్తల్ని వదిలేస్తే, పచ్చటి స్పార్టినా గడ్డి 8 నెలల్లో వట్టి బురదగా మారింది. మీరూ పంజరాలు పెడితే, పంజరం ఉన్నది, లేనిది మాత్రమే సరిపోవు, పక్కలు కొంత తెరిచి ఉన్న మూడో రకం కూడా పెట్టండి. లేకపోతే కనిపించిన మార్పు పీతలు రాకపోవడం వల్లా, పంజరం నీడ వల్లా అన్నది తేలదు.

వెళ్లే రోజు ఆటుపోట్ల పట్టిక చూసి ఎంచుకోండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి టైమ్‌కే వెళ్తే కుదరదు. నీరు పూర్తిగా దిగడానికి రెండు గంటల ముందే చేరి, తిరిగి ఎక్కడం మొదలవగానే బయటికి వచ్చేయండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోట్లు పెద్దవి, అప్పుడు ఇంకాస్త తొందరపడాలి. రక్షిత ప్రాంతమైతే అనుమతి ముందే తీసుకోండి.

వాగు ఒడ్డు నుంచి గట్టు వైపుకి టేపు పరచండి. దాన్ని ఎత్తును బట్టి మూడు నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగంలో యాదృచ్ఛిక సంఖ్యలు చూసి చోట్లు ఎంచుకోండి. అక్కడ బాగుంది, ఇక్కడ బాగోలేదు అని మన కన్ను ఎంచుకోకూడదు. ఇలాంటి గీతలు ఒకదానికొకటి దూరంగా కనీసం నాలుగైదు ఉండాలి. ఒకే గీత మీద ముప్పై నమూనాలు తీసినా అవి ముప్పై సాక్ష్యాలు కావు, అయినా అలా లెక్కవేయడానికే హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1984లో సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు. నిలబడే చోట చెక్క పలక వేసుకోండి, మన అడుగులకే సగం బొరియలు పూడిపోతాయి.

పైన తిరిగేవాటికి 50 సెం.మీ. చదరపు చట్రం చాలు. నత్తలు పోటు వచ్చినప్పుడు గడ్డి కాడలెక్కి, నీరు దిగాక కిందికొస్తాయి కాబట్టి నేలా కాడలూ రెండూ చూడాలి. బురదలో బొరియలు చేసుకునే చిన్న ఫిడ్లర్ పీతలతో ఓపిక కావాలి. మనిషి నీడ పడగానే అన్నీ మాయం, పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ముందు ఒక పెద్ద గోరు బయటికొస్తుంది, ఆ తర్వాతే మగ పీత. బొరియల సంఖ్యే పీతల సంఖ్య అనుకోకండి. కొన్ని ఖాళీగా ఉంటాయి, కొన్నింటిని పీతే లోపలి నుంచి బురదతో మూసేసుకుంటుంది.

అసలు కష్టం నేల లోపలివాటితో. 10 సెం.మీ. వ్యాసం ఉన్న గొట్టాన్ని 10 సెం.మీ. లోతుకు దింపి, పైన మూతపెట్టి లాగండి. ఆ మట్టిని 0.5 మి.మీ. జల్లెడలో నీళ్లు మెల్లగా పోస్తూ కడగాలి, తొందరపడి వేళ్లతో రుద్దితే పురుగులు ముక్కలైపోతాయి. తెగినవి ఉంటే తలలు మాత్రమే లెక్కపెట్టండి, తోకలు లెక్కలోకి రావు. గడ్డి వేళ్ల జడలో చాలా ఇరుక్కుంటాయి, వాటిని పట్టకారుతో విడదీయాలి, ఒక్క కోర్‌కే (గొట్టంతో తీసిన ఒక మట్టి దిమ్మకే) గంట పట్టొచ్చు. గొట్టం విస్తీర్ణం సుమారు 78.5 చదరపు సెం.మీ., అందుకే దొరికిన సంఖ్యను 127తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్నో వస్తుంది. ఏమీ దొరకని కోర్‌కు సున్నా రాయండి, వదిలేయకండి, సున్నా కూడా డేటానే.

నిల్వకు, ఒక వంతు ఫార్మాలిన్‌కు తొమ్మిది వంతుల సముద్రపు నీరు, కాస్త బోరాక్స్ కలపాలి. బోరాక్స్ లేకపోతే ఫార్మాలిన్‌లోని ఆమ్లానికి నత్త గుల్లలు కరిగిపోతాయి. రోజ్ బెంగాల్ రంగు కొద్దిగా వేస్తే మట్టి మధ్య పురుగులు గులాబీ రంగులో కంటపడతాయి. ఫార్మాలిన్ క్యాన్సర్ కారకం, గ్లౌజులు, గాలి ఆడే గది తప్పనిసరి. రెండు మూడు రోజుల తర్వాత కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి.

చీటీ పెన్సిల్‌తో రాసి డబ్బా లోపలే వేయండి. ఒకసారి నేను పెన్నుతో రాసి బయట అతికించాను, ఆల్కహాల్ కారి అక్షరాలన్నీ పోయాయి, పదకొండు డబ్బాలు ఏ ఎత్తువో తెలియక పక్కన పెట్టాల్సి వచ్చింది.