అర్ధరాత్రి రగ్బీ మ్యాచ్‌ను మేడ మీద పదిమందితో కలిసి చూడటం ఎలా?

విజయవాడ, గుంటూరుల్లో రగ్బీ అభిమానులు ఉన్నారు కానీ ఎక్కువమంది ఇంట్లో ఒక్కరే, సౌండు తగ్గించుకుని చూస్తారు. ఇంత గొప్ప ఆటను అలా చూడటం అన్యాయం. పదిమందిని మేడ మీదికి పిలవడం పెద్ద పనేం కాదు. వాళ్లలో ఏడెనిమిది మంది రగ్బీ ఎప్పుడూ చూడనివాళ్లే అయి ఉంటారు. ఇరవయ్యో నిమిషానికే వాళ్లు ఫోన్లలోకి తల దూర్చకుండా చూసుకోవడమే అసలు పని. అందుకు వారం ముందు నుంచి ఏమేం చేయాలో చూద్దాం.

ముందు మ్యాచ్ ఎంచుకోండి

కొత్తవాళ్లకు చూపించే మొదటి మ్యాచ్ ఇంగ్లండ్–స్కాట్లండ్ అయితే మంచిది. రెండు జట్ల మధ్య 1871లో ఎడిన్‌బరోలో జరిగినదే మొట్టమొదటి అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్. పైగా వాళ్లు పోటీపడే కప్పు మన దేశంలో తయారైంది, దాని పేరు కలకత్తా కప్. 1878లో కలకత్తాలోని రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు బ్యాంకులో ఉన్న సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండుకు ఇచ్చారు. దాని మూడు పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఈ రెండు జట్లు దాని కోసం ఆడుతున్నాయి. ఈ కథ చెబితే చాలు, ఎప్పుడూ రగ్బీ చూడనివాడు కూడా కుర్చీ ముందుకు లాక్కుంటాడు. ఈ మ్యాచ్ ఫిబ్రవరి–మార్చిలో జరిగే సిక్స్ నేషన్స్ అనే యూరప్ ఆరు జట్ల టోర్నీలో ఏటా ఉంటుంది.

న్యూజిలాండ్–దక్షిణాఫ్రికా మ్యాచ్ దొరికితే అదీ బాగుంటుంది. నలుపు ఒకవైపు, ఆకుపచ్చ ఒకవైపు కాబట్టి ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఐర్లండ్–దక్షిణాఫ్రికా అయితే రెండు జట్ల రంగూ ఆకుపచ్చే; ఒక జట్టు వేరే జెర్సీ వేసుకుంటుంది కాబట్టి ఆ రోజు ఎవరు ఏ రంగులో దిగుతున్నారో ముందే చూసి పెట్టుకోండి.

టైము, తేదీ సరిచూసుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పారిస్‌లో శనివారం రాత్రి 8:10కి చలికాలపు మ్యాచ్ మొదలైతే మనకు రాత్రి 12:40. అంటే క్యాలెండర్లో అప్పటికే ఆదివారం. వాట్సాప్‌లో ‘ఆదివారం 12:40’ అని పెడితే సగంమంది ఆదివారం రాత్రి వస్తారు, ఒకరిద్దరు మధ్యాహ్నమే వస్తారు. ‘శనివారం రాత్రి భోంచేసి 11:45కల్లా రండి’ అని రాయండి.

బ్రిటన్, ఐర్లండ్ టైముకు చలికాలంలో ఐదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు కలపాలి. ఫ్రాన్స్, ఇటలీలకు ఇంకో గంట తక్కువ. వాళ్ల గడియారాలు మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారతాయి. ఆ వారాల్లో మ్యాచ్ ఉంటే రెండుసార్లు లెక్క చూసుకోండి. దక్షిణాఫ్రికాకు ఏడాదంతా మూడున్నర గంటలే. సాయంత్రం 5:05కి జొహానెస్‌బర్గ్‌లో మొదలైతే మనకు రాత్రి 8:35, కుటుంబాలతో చూడటానికి అన్నిటికన్నా అనువైన వేళ. అర్జెంటీనాకు ఎనిమిదిన్నర గంటలు కలపాలి, కాబట్టి అక్కడి సాయంత్రం మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాకే.

న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలు మనకన్నా ముందుంటాయి. ఆక్లండ్‌లో ఆగస్టులో రాత్రి 7:05 అంటే మనకు మధ్యాహ్నం 12:35. 2027 ప్రపంచకప్ అక్టోబరు, నవంబరు నెలల్లో ఆస్ట్రేలియాలో జరుగుతుంది. అక్కడి రాత్రి మ్యాచ్‌లు చాలావరకు మనకు మధ్యాహ్నమే వస్తాయి. వాటికి మేడ, ప్రొజెక్టర్ పనికిరావు. గదిలో టీవీయే దిక్కు.

ప్రసారం, ఇంటర్నెట్

భారత్‌లో రగ్బీ ప్రసార హక్కులు టోర్నీని బట్టి, ఏడాదిని బట్టి చేతులు మారుతుంటాయి. పోయిన ఏడాది వచ్చిన చానల్లోనే వస్తుందనుకోవద్దు. వారం ముందు టోర్నీ అధికారిక వెబ్‌సైట్‌లో ‘ఇండియా’ వరుస చూసి, యాప్‌కు చందా కట్టాలంటే అప్పుడే కట్టి, ఏదో ఒక పాత మ్యాచ్ ఐదు నిమిషాలు ఆడించి చూడండి.

హెచ్‌డీలో చూస్తే గంటకు రెండు మూడు జీబీ ఖర్చవుతుంది. ఆట ఎనభై నిమిషాలే అయినా దెబ్బలు, వీడియో సమీక్షలు, విరామం కలిపి రెండు గంటల దాకా పడుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్ హాట్‌స్పాట్‌తో సగంలోనే అయిపోతుంది. ఇంటి ఫైబర్ కనెక్షన్ వాడండి. రూటరు కింది అంతస్తులో ఉంటే మేడ మీదికి వైఫై అందదు. శ్లాబు సిగ్నల్‌ను మింగేస్తుంది. ఇరవై మీటర్ల ల్యాన్ వైరు మెట్ల మీదుగా లాగితే ఆ బాధ ఉండదు.

ఫోన్‌లో యాప్ తెరిచి స్క్రీన్ మిర్రరింగ్ చేస్తే చాలా యాప్‌లలో మాట వినిపిస్తుంది కానీ బొమ్మ నల్లగా ఉంటుంది. కాపీరైటు రక్షణ అలా పనిచేస్తుంది. ఫైర్ టీవీ స్టిక్ లాంటిదాన్ని ప్రొజెక్టర్‌కే గుచ్చండి, లేదా ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి. కేబుల్ గవర్నర్‌పేటలో పగలే కొనిపెట్టుకోండి, రాత్రి పదకొండుకు ఎక్కడా దొరకదు.

కరెంటు

టీవీనో ప్రొజెక్టర్‌నో ఇన్వర్టర్‌కు కలిపి, రూటరు సంగతి మరిచిపోయేవాళ్లు ఎక్కువ. కరెంటు పోయినప్పుడు తెర వెలుగుతూనే ఉంటుంది, ఆట మాత్రం ఆగిపోతుంది. ఫైబర్ పెట్టె, రూటరు రెండూ ఇన్వర్టర్ లైనులోనే ఉండాలి.

ప్రొజెక్టర్ 250 వాట్లు, స్పీకరు, రూటరు, స్టిక్ కలిపి 70, ఒక ఫ్యాను 75 వేసుకుంటే దాదాపు 400 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే దీన్ని రెండు, రెండున్నర గంటలు లాగుతుంది. నాలుగేళ్ల పాతదైతే అందులో సగం అనుకోండి. 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 100 వాట్లే తింటుంది కాబట్టి దానికి ఈ బెంగ లేదు. ఇన్వర్టర్ వెనక ఎకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. ఎకోలో ఉంటే కరెంటు మారే ఆ క్షణంలో రూటరు ఆగి మళ్లీ లేస్తుంది, లేవడానికి రెండు మూడు నిమిషాలు. ల్యాంపు ప్రొజెక్టరయితే వేడిగా ఉండగా ఆరిపోయాక చల్లబడేదాకా వెలగదు. ఈలోగా ఒక ట్రై (ఫుట్‌బాల్‌లో గోల్ లాంటిది) అయిపోవచ్చు.

ప్రపంచకప్ నాకౌట్ అయితే స్కోరు సమమైనప్పుడు పది నిమిషాల చొప్పున రెండు భాగాలు అదనంగా ఆడిస్తారు. దానికీ కాస్త బ్యాటరీ మిగలాలి.

తెర, కుర్చీలు, దోమలు

షామియానా సప్లయర్స్ దగ్గర ప్రొజెక్టర్, తెర, ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకు దొరుకుతాయి. తెర లేకపోతే సున్నం వేసిన తెల్లగోడ నయం. దుప్పటి కడితే కాంతి వెనక్కి పోతుంది, గాలికి ఊగుతుంది; తప్పదంటే రెండు మడతలు వేసి నాలుగు మూలలా బిగించండి. వంద అంగుళాల బొమ్మకు మామూలు ప్రొజెక్టర్‌ను తొమ్మిది నుంచి పదకొండు అడుగుల దూరంలో పెట్టాలి. స్పీకరుకు బ్లూటూత్ వద్దు, వైరు వేయండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యమై, విజిల్ వినేసరికి ఆట ఇంకెక్కడో ఉంటుంది.

జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో మంచు పడుతుంది. ప్రొజెక్టర్ పైన పందిరిలా ఏదైనా కట్టండి, కానీ గాలి పోయే రంధ్రాలు మూయొద్దు. అక్టోబరు, నవంబరుల్లో వాన ఎప్పుడైనా రావచ్చు కాబట్టి కింద గది కూడా సర్ది ఉంచండి. దోమలకు కాయిల్స్ కన్నా కాళ్ల ఎత్తులో పెట్టిన టేబుల్ ఫ్యాను బాగా పనిచేస్తుంది.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని చట్టం ఉంది. చిన్న స్పీకరును తెర దగ్గర కాకుండా కుర్చీల మధ్యలో పెడితే తక్కువ సౌండుతోనే అందరికీ వినిపిస్తుంది. పక్కింటివాళ్లకు ముందు రోజే ఒక మాట చెప్పండి, వీలైతే వాళ్లనూ పిలవండి.

కొత్తవాళ్లకు పది నిమిషాల పాఠం

నియమాలన్నీ చెప్పబోతే ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఐదు చాలు.

ఒకటి, బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. కాలితో మాత్రం ముందుకు తన్నొచ్చు. పరిగెత్తుతూ ఇచ్చిన పాస్ టీవీలో ముందుకు పోయినట్టే కనిపిస్తుంది. చేతి నుంచి వెనక్కే వెళ్లినా మనిషి వేగం బంతికీ ఉంటుంది కాబట్టి. రిఫరీలు చేతుల కదలికనే చూస్తారు. దీని మీద మేడ మీద గొడవపడి లాభం లేదు.

రెండు, పట్టు. కబడ్డీలో రైడర్‌ను పట్టుకున్నవాడు ఎలాగైనా వదలడు. ఇక్కడ బంతి ఉన్నవాణ్ణి కింద పడేశాక పట్టినవాడు వదిలేయాలి, పడినవాడు బంతిని వదిలేయాలి. ఇద్దరిలో ఎవరు వదలకపోయినా పెనాల్టీ. మ్యాచ్‌లో ఎక్కువ విజిళ్లు వచ్చేది దీనికే కాబట్టి ఈ ఒక్కటి అర్థమైతే సగం ఆట అర్థమైనట్టే.

మూడు, బంతి చేతిలోంచి ముందుకు జారితే స్క్రమ్. ఎనిమిది మంది చొప్పున తలలు దూర్చి తోసుకుంటారు. నాలుగు, అడ్వాంటేజ్. తప్పు జరిగినా రిఫరీ చేయి పక్కకు చాచి ఆట సాగనిస్తాడు. నష్టపోయిన జట్టుకు లాభం రాకపోతే మళ్లీ వెనక్కి పిలుస్తాడు. ‘తప్పు చేశాడుగా, ఎందుకు ఆపలేదు?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు ఇదే.

ఐదు, పాయింట్లు. ఎదుటి జట్టు వైపు చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5. దాని తర్వాత గోలుపోస్టుల మధ్యకు తన్నే కిక్కు, అంటే కన్వర్షన్‌కు 2. పెనాల్టీ కిక్కుకు 3, ఆట నడుస్తుండగా కొట్టే డ్రాప్ గోల్‌కూ 3. దీనికి 2023 ప్రపంచకప్ ఫైనల్‌ను మించిన ఉదాహరణ లేదు. న్యూజిలాండ్ ఒక ట్రై, రెండు పెనాల్టీలతో 11 చేసింది, కన్వర్షన్ తప్పిపోయింది. దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చేయలేదు. హాండ్రే పొలార్డ్ నాలుగు పెనాల్టీలు కొట్టాడు, 12. కప్పు దక్షిణాఫ్రికాదే. పెనాల్టీ దగ్గర కెప్టెన్ ఎందుకంత ఆలోచిస్తాడో దీంతో అందరికీ తెలిసిపోతుంది.

పాఠం అయ్యాక ప్రతివాళ్లకూ ఒక ఆటగాణ్ణి అప్పగించండి. నంబరును బట్టే స్థానం తెలుస్తుంది: 1 నుంచి 8 స్క్రమ్‌లో తోసేవాళ్లు, 9 స్క్రమ్ దగ్గర బంతి తీసేవాడు, 10 ఆట నడిపేవాడు, 11, 14 గీతల వెంట పరిగెత్తేవాళ్లు, 15 చివర కాపలా. కొత్తవాళ్లకు 9, 10, 14 ఇవ్వండి. బంతి తరచుగా వాళ్ల దగ్గరికి వస్తుంది. 3వ నంబరు వాణ్ణి ఇస్తే సగంసేపు వాడెక్కడున్నాడో వెతుక్కోవడమే సరిపోతుంది. జట్ల జాబితా మ్యాచ్‌కు రెండు రోజుల ముందే వస్తుంది. రెండు కాపీలు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించండి.

చీటీలు

అందరిచేతా తుది స్కోరు రాయించి డబ్బాలో వేయించండి. డబ్బు పందెం వద్దు. ఒక జట్టు మొత్తం 1, 2, 4 ఎప్పటికీ కాలేదు. ఆ అంకెలు రాసినవాళ్లకు పాఠం మళ్లీ చెప్పండి. ఇద్దరి అంచనాలూ సమానంగా దగ్గరైతే తేల్చడానికి మొదటి ట్రై చేసే జెర్సీ నంబరు కూడా రాయించండి. ఏదో ఒక జట్టు పక్షం వహించకపోతే మ్యాచ్ వేడెక్కదు.

తిండి

విరామం పదిహేను నిమిషాలే. ఆ సమయంలో పచ్చి బజ్జీలు వేయడం మొదలుపెడితే వండేవాళ్లు రెండో సగం మొదలు చూడలేరు. గుంటూరు పద్ధతిలో రెండుసార్లు వేయించండి. పదిమందికి లావు బజ్జీ మిరపకాయలు పాతిక, శనగపిండి 400 గ్రాములు, చెంచా వాము, ఉప్పు, చిటికెడు సోడా. కాయలు చీల్చి గింజలు తీసి, చింతపండు గుజ్జులో వాము, ఉప్పు కలిపి లోపల రాయండి. మ్యాచ్‌కు ముందే సగం వేగనిచ్చి తీసేయండి. విరామంలో ముక్కలుగా కోసి మళ్లీ నూనెలో వేస్తే ఐదు నిమిషాల్లో కరకరలాడతాయి. పైన ఉల్లిపాయ, నిమ్మరసం.

నూనె ఎప్పుడు వేడి చేయాలో చేతి గడియారం చూసి లెక్క కట్టొద్దు. దెబ్బలు తగిలినప్పుడు ఆట గడియారం ఆగుతుంది, నలభై నిమిషాల సగం యాభై దాకా సాగవచ్చు. తెర మీద 35 కనబడ్డాక పొయ్యి వెలిగించండి. టీకి లీటరు పాలు, అర లీటరు నీళ్లు, ఐదు పెద్ద చెంచాల పొడి, దంచిన అల్లం. ఫ్లాస్కులో పోసి ఉంచండి. అర్ధరాత్రి మ్యాచ్‌కు భోజనం అవసరం లేదు కానీ కిలో బియ్యం పులిహోర కలిపి ఉంచితే తెల్లారేసరికి మిగలదు.

ఆట మొదలయ్యాక

ఏం చేసినా కిక్కాఫ్‌కు పది నిమిషాల ముందు అందరూ కూర్చుని ఉండాలి. జాతీయ గీతాలు అప్పుడే వస్తాయి. న్యూజిలాండ్ ఉంటే హాకా కూడా, అంటే ఆటకు ముందు ఆ జట్టు చేసే మావోరీ సంప్రదాయ నృత్యం. అవి రెండు రకాలు, పాతది ‘కా మాటే’, 2005లో మొదలైనది ‘కాపా ఓ పాంగో’. ఏది చేస్తారో ఆ రోజే తెలుస్తుంది. ఎదుటి జట్టు నిలబడి కళ్లలోకి చూస్తూ ఉంటుంది. ఆ రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడండి. ఫిజీ, సమోవా, టోంగా జట్లకూ ఇలాంటివి ఉన్నాయి.

ఫోన్లు సైలెంట్‌లో పెట్టించండి. స్ట్రీమింగ్ టీవీ కన్నా అర నిమిషం దాకా వెనక ఉండవచ్చు. స్కోరు యాప్ ముందే మోగితే ట్రై చూడకముందే అయిపోతుంది. వివరణ ఇచ్చే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. ముగ్గురు ఒకేసారి చెబితే కొత్తవాళ్లకు ఏదీ అందదు. పసుపు కార్డు అంటే పది నిమిషాలు బయట, ఆ పది నిమిషాలు జట్టు ఒకరు తక్కువతో ఆడాలి, ఆట అప్పుడే ఎక్కువగా మారుతుంది.

గడియారం 80 దాటగానే కుర్చీలు సర్దడం మొదలుపెట్టకండి. బంతి ఆగేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది. గెలుపోటములు అప్పుడు తారుమారైన మ్యాచ్‌లు ఉన్నాయి. అయ్యాక చీటీలు తీసి గెలిచినవాళ్లను తేల్చండి. గుంటూరు నుంచి బైకు మీద వచ్చినవాళ్లను ఆ వేళ హైవే మీదికి పంపకండి. చాపలు, దిండ్లు ముందే మేడ మీదికి చేర్చి ఉంచితే వాళ్లు పొద్దున్నే టిఫిను చేసి వెళ్తారు.